ఒప్పందం కుదిరితే ట్యాగు, కుదరకపోతే కోడు

అచ్చాఫీసుకి వెళ్ళే రాతప్రతి మీద ఎడిటర్ పెన్సిల్‌తో గుర్తులు పెట్టేవాడు. ఇది శీర్షిక, ఈ మాట బొద్దుగా, ఇక్కడ కొత్త పేరా. వాటిని చూసి కంపోజిటర్ అక్షరాలు పేర్చేవాడు. అలా గుర్తులు పెట్టడానికి ఇంగ్లీషులో ఉన్న పేరే మార్కప్. హెచ్‌టీఎంఎల్‌లో 'ఎం' అక్కడిదే.

వెబ్ పేజీని మార్కప్‌తో కట్టాలా, కోడ్‌తో కట్టాలా? ముప్పై ఏళ్ళుగా ప్రోగ్రామర్లు తెగ కొట్టుకుంటున్న విషయం ఇది. పైకి అభిరుచుల గొడవలా ఉంటుంది గానీ, చరిత్ర తిరగేస్తే అసలు ప్రశ్న వేరే. పేజీని రాసినవాడు సరే, దాన్ని ఇంకా ఎవరెవరు చదవగలగాలి?

మార్కప్ 'ఇది ఫలానా' అని చెప్తుంది. కోడ్ 'ముందు ఇది చెయ్యి, తర్వాత అది చెయ్యి' అంటుంది. మొదటిదాన్ని ఎవరైనా చూసి చదువుకోవచ్చు. రెండోదాన్ని నడిపిస్తే తప్ప చివరికి ఏం వస్తుందో తెలీదు.

1969లో ఐబీఎంలో పనిచేస్తున్న చార్లెస్ గోల్డ్‌ఫార్బ్ వృత్తిరీత్యా లాయరు. లా ఆఫీసుల కాగితాల్ని కంప్యూటర్‌లోకి ఎక్కించే పని ఆయన జట్టుది. ఒకే పత్రాన్ని దిద్దడానికి ఒక ప్రోగ్రాము, వెతకడానికి ఇంకొకటి, అచ్చుకి సిద్ధం చెయ్యడానికి మరొకటి. ఒకదాని గుర్తులు ఇంకోదానికి అర్థం కావు. అందుకని గోల్డ్‌ఫార్బ్, మోషర్, లోరీ కలిసి, పత్రంలో ఏ భాగం ఏమిటో మాత్రమే చెప్పే గుర్తులు తయారుచేశారు. ఎలా కనిపించాలన్నది ఆ గుర్తుల పని కాదు. ముగ్గురి ఇంటిపేర్ల మొదటి అక్షరాలతో అది జీఎంఎల్ అయింది. దాని వారసుడు ఎస్‌జీఎంఎల్ 1986లో అంతర్జాతీయ ప్రమాణం అయింది. సెర్న్‌లో టిమ్ బెర్నర్స్-లీ వెబ్ మొదలుపెట్టినప్పుడు ఆ పద్ధతినే అరువు తెచ్చుకున్నాడు. 1991 నాటి ట్యాగుల జాబితా పట్టుమని ఇరవై కూడా లేదు.

1995లో నెట్‌స్కేప్ కంపెనీలో బ్రెండన్ ఐక్ పది రోజుల్లో జావాస్క్రిప్ట్ తొలి రూపాన్ని రాశాడు. తగువు మొదలైంది అప్పుడే. మరుసటి ఏడాది పేజీల రూపురేఖల కోసం రెండు ప్రతిపాదనలు పోటీపడ్డాయి. ఒకటి హోకన్ వియుమ్ లీ తెచ్చిన సీఎస్‌ఎస్. 'శీర్షికలన్నీ నీలం' అని చెప్పి ఊరుకుంటుంది. రెండోది నెట్‌స్కేప్ తెచ్చిన జేఎస్‌ఎస్‌ఎస్. అదే రంగుని జావాస్క్రిప్ట్ కోడ్‌తో వేస్తుంది. 1996 డిసెంబర్‌లో ప్రమాణంగా నిలిచింది మొదటిదే. ఓడినవాళ్ళ బ్రౌజర్‌లో మాత్రం ఒక తమాషా మిగిలిపోయింది. నెట్‌స్కేప్ 4 సీఎస్‌ఎస్‌ని లోపల జావాస్క్రిప్ట్‌గా మార్చుకుని నడిపేది. అందులో జావాస్క్రిప్ట్ ఆపేస్తే పేజీ రంగులూ రూపూ కూడా పోయేవి!

పనికి సరిపోయే భాషల్లో అన్నిటికంటే తక్కువ శక్తి ఉన్నదాన్ని ఎంచుకోమని బెర్నర్స్-లీ తర్వాత సూత్రీకరించాడు. భాష ఎంత బలహీనమైతే, అందులో రాసినదాన్ని ఇతరులు అన్ని రకాలుగా వాడుకోగలరని ఆయన వాదన.

అలాగని ట్యాగు ఉంటే చాలు, అంతా భద్రం అనుకోవడానికీ లేదు. మన దగ్గరే దానికి మంచి ఉదాహరణ ఉంది. 90ల చివర్లో తెలుగు పత్రికలు వెబ్‌లోకి వచ్చినప్పుడు చాలావాటికి సొంత ఫాంట్లు ఉండేవి. పేజీలో అడుగున ఉన్నవి ఇంగ్లీషు అక్షరాల సంకేతాలు, పైన తెలుగు బొమ్మలు. ఫాంట్ ట్యాగు 'దీన్ని ఇలా చూపించు' అంది గానీ 'ఇది తెలుగు' అనలేదు. ఫాంట్ లేని కంప్యూటర్‌లో అది గజిబిజి, సెర్చ్ ఇంజన్‌కీ గజిబిజే. యూనికోడ్ తొలి కూర్పులో, 1991లోనే, తెలుగు ఉంది. అది కంప్యూటర్లలోకి దిగేసరికి ఏళ్ళు పట్టింది. ఈలోగా ఆ పాత పేజీలు చదవడానికి 'పద్మ' లాంటి మార్పిడి పనిముట్లు కావాల్సి వచ్చాయి. అంటే, 'ఏమిటో' చెప్పడం మానేసి 'ఎలాగో' చెప్తే మార్కప్ కూడా కోడ్ దారిలోనే పోతుంది.

కోడ్ వైపు వాదన తేలిగ్గా తీసిపారేసేది కాదు. 2005లో గూగుల్ మ్యాప్స్‌ని వేలితో లాగినట్టు మౌస్‌తో లాగగలిగాం అంటే అది ట్యాగుల మహిమ కాదు. చదవని మెసేజీల లెక్క పేజీలో మూడు చోట్ల కనపడాలి, ఒకటి మారితే మిగతా రెండూ మారాలి. ట్యాగుకి ఆ తెలివి లేదు. 2013లో ఫేస్‌బుక్ బయటపెట్టిన రియాక్ట్ ఈ చిక్కునే పట్టుకుంది. జావాస్క్రిప్ట్ మధ్యలో ట్యాగులు రాసే జేఎస్‌ఎక్స్ చూసి చాలామంది ముక్కు మూసుకున్నారు. నిజానికి అవి ట్యాగుల వేషంలో ఉన్న ఫంక్షన్ పిలుపులు. అటువైపు ట్యాగులవాళ్ళూ మడి కట్టుకుని కూర్చోలేదు. 1995 నాటి కోల్డ్‌ఫ్యూజన్ నుంచి నేటి వ్యూ దాకా, ట్యాగుల్లోకి షరతులూ చక్రాలూ దూరుతూనే ఉన్నాయి.

మరి ఎవరు గెలిచారు? నాకు కనిపించేది గెలుపోటములు కాదు, ఒక రాకపోక. కొత్తది, ఇంకా ఎవరికీ స్పష్టంగా తెలియనిది కోడ్‌లో పుడుతుంది. పదిమంది పది రకాలుగా రాస్తారు. అందరికీ ఒకటే కావాలని తేలాక అది ట్యాగు అవుతుంది. తేదీ ఎంచుకునే క్యాలెండర్ ఒకప్పుడు బండెడు జావాస్క్రిప్ట్. ఇప్పుడు ఒక్క ఇన్‌పుట్ ట్యాగు. తెర మీదకి తోసుకొచ్చే డైలాగ్ పెట్టె 2022 నాటికి ప్రధాన బ్రౌజర్లన్నిటిలో ట్యాగుగా కుదురుకుంది. మార్కప్ అంటే కుదిరిన ఒప్పందం, కోడ్ అంటే ఇంకా తెగని బేరం.

ఒప్పందం కుదిరిన చోట కూడా బేరం ఆడుతూ కూర్చుంటే నష్టపోయేది మనం కాదు. 'బటన్' ట్యాగు పెడితే కీబోర్డుతో నొక్కొచ్చు, చూపు లేనివాళ్ళకి స్క్రీన్ రీడర్ 'ఇది బటన్' అని చదివి చెప్తుంది. అదే రూపం ఉత్త 'డివ్' మీద కోడ్‌తో గీస్తే కంటికి తేడా ఉండదు. కానీ మిగతాదంతా విడిగా రాస్తే తప్ప, అంధుడైన మనిషికి అక్కడ డబ్బు కట్టే బటన్ ఉందనే తెలీదు. మా వృత్తిలో ఈ పొరపాటు రోజూ జరిగేదే. టెస్టింగ్‌లో అన్నీ సరిగ్గానే ఉన్నట్టుంటాయి, ఎందుకంటే టెస్ట్ చేసేవాళ్ళు చూడగలరు.

కాలం పరీక్ష కూడా ఒకటుంది. సెర్న్ తిరిగి నిలబెట్టిన 1992 నాటి వెబ్‌సైటు ప్రతి ఈరోజు ఫోన్‌లో తెరిచినా చక్కగా చదువుకోవచ్చు. దానికంటే ఎంతో ముస్తాబుగా ఫ్లాష్‌లో కట్టిన సైట్లు, అడోబీ 2020 చివర్లో ఫ్లాష్‌ని ఆపేశాక ఏ బ్రౌజర్‌లోనూ నేరుగా తెరుచుకోవు. నడిపించే యంత్రం పోతే కోడ్ మూగబోతుంది. ట్యాగుల మధ్య ఉన్న మాటలు మాత్రం, ట్యాగు అర్థం కాకపోయినా, మాటలుగానే మిగులుతాయి.