ఖడ్గవిద్యలో అహింస

అహింసను గూర్చి ప్రసంగించుచు ఖడ్గము నేల ప్రస్తావింపవలెనని శ్రోతలు ప్రశ్నింపవచ్చును. ప్రశ్న సమంజసమైనదే. కాని కొట్టగల శక్తి యుండియు కొట్టకుండుటయే అహింస యనియు, పిరికివాడు చేతులు ముడుచుకొనుట అహింస కాదనియు గాంధీమహాత్ముడు 1920లో వ్రాసిన వ్యాసమున స్పష్టపరచెను. ఈ భావమును జ్ఞప్తియందుంచుకొని జపాను దేశపు యుద్ధవిద్యల చరిత్రను పరికింతము.

1594వ సంవత్సరమున, క్యోటో నగర సమీపమున, యాగ్యూ మునెయోషి యను వృద్ధ ఖడ్గాచార్యుడు తొకుగావా ఇయెయాసు ప్రభువు నెదుట నిలిచెను. ప్రభువు చేత కొయ్యకత్తి కలదు. ఆచార్యుని చేతులు రిక్తములు. ప్రభువు వ్రేటు వేయబోగా ఆచార్యుడు తప్పించుకొని, ఆ కత్తిని కైవసము చేసికొనెను. ఈ విద్యకు ‘ముతో’ యని పేరు. కత్తి లేకుండుట యని అర్థము. ఆయన కుమారుడు మునెనోరి తొకుగావా వంశమునకు గురువై, 1632లో రచించిన గ్రంథమున దీనిని వివరించెను. ఎదుటివాని కత్తిని లాగికొనుట ముఖ్యము కాదనియు, నిరాయుధుడు నరకబడకుండుటయే విజయమనియు ఆయన మతము. ఆ గ్రంథమున రెండు భాగములకు ‘చంపెడి కత్తి’, ‘బ్రతికించెడి కత్తి’ యని పేర్లు.

అట్లని మునెనోరిని అహింసావాదిగా నెంచరాదు. ఒక దుష్టుని చంపి పెక్కుమందిని బ్రతికించుట ఆయన దృష్టిలో ధర్మమే. అయినను కత్తి పట్టినవానికి చంపుటయే పరమార్థము కాదను భావము అచ్చట స్పష్టముగ గలదు.

1876లో జపాను ప్రభుత్వము బహిరంగముగ కత్తి ధరించుటను నిషేధించెను. 1882లో కానో జిగోరో యను యువ విద్యావంతుడు టోక్యోలోని యొక బౌద్ధాలయమున, 12 చాపలు పరచిన గదిలో, జూడో నేర్పుటకు కోడోకాన్ సంస్థను స్థాపించెను. పాత జుజుత్సులోని అపాయకరములగు పట్లను ఆయన పోటీ సాధననుండి తొలగించెను. జూడోలో శిష్యుడు మొదట నేర్చునది ఇతరుని పడవేయుట కాదు. దెబ్బ తగులకుండ తాను పడుట! ఒకినావానుండి వచ్చి 1922లో టోక్యోలో కరాటేను ప్రదర్శించిన ఫునాకోషి గిచిన్, మొదటి దెబ్బ కరాటే నేర్చినవానిది కారాదని బోధించెను. పూర్వము ‘చైనా చేయి’ యని వ్రాయబడుచుండిన కరాటే పేరును ‘రిక్తహస్తము’ అను అర్థమిచ్చు అక్షరముతో వ్రాయుటను ప్రచారము చేసినవాడును ఆయనయే.

అంతమాత్రముచే ఈ విద్యలు స్వభావసిద్ధముగనే శాంతికరములని చెప్పజాలము. 1931లో జపాను మాధ్యమిక పాఠశాలల బాలురకు జూడోగాని, కత్తిసాము యగు కెండోగాని నిర్బంధ పాఠ్యమయ్యెను. బాలురను యుద్ధమునకు సిద్ధపరచుటలో ఆ విద్యలే వినియోగపడినవి. 1945లో జపాను లొంగిపోయిన పిమ్మట ఆక్రమణాధికారులు పాఠశాలలలో వానిని నిషేధించిరి. జూడో 1950లో మరల ప్రవేశించినది. ఐకిడో స్థాపకుడు ఉయెషిబా మొరిహేయి సైతము పూర్వము సైనిక విద్యాలయములలో బోధించినవాడే. 1942లో ఆయన ఇవామా గ్రామమునకు తరలి, సేద్యము చేసికొనుచు సాధన సాగించెను. మీదికి వచ్చువాని బలమును దారి మళ్లించి, గాయపరచకుండ అదుపుచేయుటను ఆయన బోధించెను.

కావున అహింస విద్యయందు దానంతటది వసింపదు. అభ్యసించువాడు దానిని దినదినము నిలుపుకొనవలసియుండును. నేటికిని సాధనశాలలో ఇరువురు పరస్పరము నమస్కరించి కొయ్యకత్తులు పట్టుదురు. ఒకని కత్తి వేగముగ దిగివచ్చి, రెండవవాని నుదుటికి వ్రేలెడు దూరమున ఆగును. ఆపగలడను నమ్మకముతోనే రెండవవాడు అచ్చట నిలుచును. మరుక్షణమున కత్తి రెండవవాని వంతు. ఆ నమ్మకమును నిలుపుకొనుటయే ఈ విద్యలలోని అహింస యని మా అభిప్రాయము.