వేరువేరు తూనికరాళ్లు: క్రైస్తవ విడాకుల చట్టము

శతవార్షికోత్సవ సంచికలో మన గుడులు, బడులు, ఆసుపత్రుల చరిత్ర వ్రాసికొనుట సహజము. మన కుటుంబములను ఏలిన ఒక చట్టము యొక్క చరిత్రయు జ్ఞాపకము చేసికొనుట మేలు. దేవరాపల్లి ప్రాంతమున పరిచర్య చేయు నాయొద్దకు, "అయ్యగారూ, మా ఆయన తప్పుదారి పట్టినాడు, నాకు దారి యేది?" అని కన్నీళ్లతో వచ్చు సహోదరీమణులు గలరు. వారి తల్లుల కాలములో ఈ ప్రశ్నకు కోర్టు చెప్పిన జవాబు వేరు.

ఇంగ్లండులో 1857లో చేసిన చట్టపు మాదిరిని, 1869లో మన దేశమునకు భారత విడాకుల చట్టము వచ్చెను. దాని 10వ సెక్షను ప్రకారము, భార్య వ్యభిచారము రుజువైన చాలును, భర్తకు విడాకులు దొరకును. భర్త వ్యభిచారమొక్కటే భార్యకు చాలదు. దానితో కూడ క్రూరత్వమో, రెండేండ్లు విడిచిపెట్టుటయో, మరియొక ఘోరమో రుజువు కావలెను. భార్యతో తప్పుచేసిన పురుషుని నుండి భర్త నష్టపరిహారము కూడ కోరవచ్చును. భార్య భర్త సొత్తు అన్నట్లే గదా! జిల్లా కోర్టు డిక్రీ యిచ్చినను, హైకోర్టు ఖాయపరచువరకు అది పూర్తికాదు. 1956 నుండి మనకు ఆ హైకోర్టు దూరపు హైదరాబాదులో నుండెను.

ఇంగ్లండు ఈ భేదమును 1923లోనే తొలగించెను. మనకు మరి 78 ఏండ్లు పట్టినది. 1995లో కేరళ హైకోర్టు, 1996లో యూత్ వెల్ఫేర్ ఫెడరేషన్ కేసులో నాటి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఫుల్ బెంచి, ఈ భేదము రాజ్యాంగమునకు విరుద్ధమని తీర్పు చెప్పెను. 2001లో పార్లమెంటు చట్టమును సవరించెను. నాటినుండి వ్యభిచారమొక్కటే ఇద్దరికిని సమానముగా కారణము. నష్టపరిహారపు సెక్షను, హైకోర్టు ఖాయపరచు పద్ధతి పోయినవి. 2018లో సుప్రీంకోర్టు వ్యభిచారమును శిక్షార్హమైన నేరముగా నుంచిన సెక్షనును కొట్టివేసినను, విడాకులకు కారణముగా అది నిలిచియే యున్నది.

ఒక సంగతి కాపరులమైన మనము ఎరుగవలెను. భర్త తప్పును క్షమించి భార్య మరల కాపురము సాగించినయెడల, ఆ తప్పును బట్టి ఆమె వేసిన పిటిషను కొట్టివేయబడును. క్షమాపణ మన విశ్వాసమునకు ప్రాణమే. అయితే భర్త మారుమనస్సు పొందెనో లేదో విచారింపక, "సర్దుకొని పోవమ్మా" అని తొందరపడి పంపుట ఎంత భారమైన మాట! మోషే ధర్మశాస్త్రము ఇద్దరిని దోషులనగా, ప్రభువు ఎదుటకు స్త్రీనొక్కతెనే ఈడ్చుకొని వచ్చిరి.

132 ఏండ్లకు చట్టము తన తూనికరాళ్లను సరిచేసికొన్నది. మన సంఘములు, మన పెద్దల కూటములు తమ రాళ్లను పరీక్షించుకొనును గాక.