ప్రమాది నామ సంవత్సరంలో వై2కె

మొన్న సంక్రాంతికి పూర్వ విద్యార్థులం బడి ఆవరణలో కలిసినప్పుడు, ఇప్పుడు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న ఒక తమ్ముడు నన్ను అడిగాడు: "అన్నా, వై2కె అంతా ఉత్త హడావుడేనంట గదా? చివరికి ఏమీ కాలేదంట గదా?" అప్పుడు నవ్వి ఊరుకున్నాను గానీ ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. 1998, 99 సంవత్సరాల్లో ఖమ్మంలో ఒక మిత్రుడితో కలిసి చిన్న కంప్యూటర్ సర్వీసు దుకాణం నడిపాను. ఖమ్మంలోనూ మన నేలకొండపల్లిలోనూ దుకాణాలు తిరిగి ఆ పని స్వయంగా చేశాను. స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని సంఘం వారు అడిగినప్పుడు, ఆ తమ్ముడికి ఇవ్వాల్సిన జవాబే రాద్దామనిపించింది.

ముందు అసలు సంగతి చెబుతాను. తొలినాటి కంప్యూటర్లలో మెమరీ చాలా ఖరీదు. సమాచారం ఎక్కించే పంచ్ కార్డు మీద వరుసకు 80 గళ్లే ఉండేవి. చోటు ఆదా చేయడానికి 1965ను 65 అని రాసేవారు. ముందున్న 19 ఎటూ తెలిసిందేగదా అని ధీమా. మెమరీ చౌకయ్యాక కూడా ఆ అలవాటు పోలేదు. అలా రాసిన ప్రోగ్రాముల్లో 99 తర్వాత 00 వస్తే యంత్రం దాన్ని 1900 అనుకుంటుంది.

మనకు ఈ చిక్కు కొత్తది కాదు. తెలుగు సంవత్సరాలు ప్రభవ నుంచి అక్షయ దాకా 60. మళ్లీ మొదటికి వస్తాయి. పాత ప్రామిసరీ నోటు మీద ఒట్టి "ప్రమాది" అని ఉంటే అది 1939లో వచ్చిన ప్రమాదా, 1999లో వచ్చినదా? పక్కన శక సంవత్సరం వేస్తేనే తేలుతుంది. కంప్యూటర్ వాళ్లు ఆ శకం వేయడం మానేశారు, అంతే. దుకాణదారులకు నేను ఇలాగే చెప్పేవాణ్ణి. 1999 ఉగాదికి మొదలైంది కూడా ప్రమాది నామ సంవత్సరమే కావడంతో, ఆ పేరు వినగానే "పేరులోనే ఉంది ప్రమాదం" అనేవారు.

ఈ చిక్కు బ్యాంకులకు, విమానాలకు మాత్రమే అనుకున్నవాళ్లు ఎక్కువ. కానీ దీని మీద ముందుగా కోర్టుకెక్కిన వాళ్లలో ఉన్నది ఒక కూరగాయల దుకాణం. అమెరికాలోని మిషిగన్ రాష్ట్రం వారెన్ పట్టణంలో ఉన్న ప్రొడ్యూస్ ప్యాలెస్ అనే దుకాణంలో, గడువు 2000లో ముగిసే క్రెడిట్ కార్డు గీసినప్పుడల్లా బిల్లింగ్ యంత్రాలన్నీ నిలిచిపోయేవి. 1997లో వాళ్లు యంత్రాల కంపెనీ మీద దావా వేశారు. మరుసటి ఏడాది 2,50,000 డాలర్లకు రాజీ కుదిరింది. పెద్ద సంస్థలకు సొంత ఇంజనీర్లు ఉంటారు, చిన్న దుకాణానికి ఎవరుంటారు? ఈ సంగతి గుర్తించే అమెరికా ప్రభుత్వం 1999 ఏప్రిల్‌లో ప్రత్యేక చట్టం చేసి, చిన్న వ్యాపారులు ఈ మరమ్మతు కోసం తీసుకునే బ్యాంకు అప్పులకు హామీగా నిలబడింది.

మన దగ్గర పరిస్థితి వేరు. 1998 నవంబరులో ప్రధాని వాజ్‌పేయి హైదరాబాద్‌లో సైబర్ టవర్స్ ప్రారంభించారు. అమీర్‌పేటలో గోడ గోడకూ కోబాల్ శిక్షణ బోర్డులు. అమెరికా హెచ్1బి వీసాల పరిమితిని ఏటా 65,000 నుంచి 1,15,000కు పెంచింది. మన బడిలో చదివిన వాళ్లు కూడా ఆ కోబాల్ నేర్చుకుని విమానం ఎక్కారు. అక్కడి బ్యాంకుల, బీమా కంపెనీల తేదీలు సరిచేసింది మన పిల్లలే. ఇక్కడి ఎరువుల కొట్టు, మందుల దుకాణం సంగతి చూడటానికి మిగిలింది మాలాంటి వాళ్లం.

అప్పట్లో దుకాణాల్లో ఉన్నవి సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో విడిభాగాలు కొని కూర్చిన 386, 486 యంత్రాలు. డాస్ మీద ఫాక్స్‌ప్రోలో ఎవరో కుర్రాడు రాసిపెట్టిన ప్రోగ్రాం. రాసిన కుర్రాడు ఈపాటికి హైదరాబాద్‌లోనో అమెరికాలోనో ఉండేవాడు. ప్రోగ్రాం మూలప్రతి ఉంటే అదృష్టం.

నేలకొండపల్లిలో ఒక ఎరువుల కొట్టు ఉదాహరణ చెబుతాను. మన రైతులు వానాకాలంలో ఎరువులు, పురుగుమందులు ఖాతా మీద తీసుకుని, మిరపకాయలు అమ్మాక ఫిబ్రవరి, మార్చిలో కడతారు. అంటే 1999లో రాసిన ప్రతి ఖాతా 2000లో తీరాల్సిందే. నేను ప్రోగ్రాంను ఫ్లాపీల్లోకి నకలు తీసుకుని, మా దుకాణంలోని యంత్రం మీద పరీక్ష పెట్టాను. 1999 ఆగస్టు 15న 10,000 రూపాయల సరుకు, నూటికి రెండు రూపాయల వడ్డీ, జమ తేదీ 15-02-00. ఆరు నెలలకు 1,200 రావాలి. యంత్రం 00ను 1900గా తీసుకుని 1,194 నెలలు వెనక్కి లెక్కగట్టి, మైనస్ 2,38,800 చూపించింది. షావుకారే రైతుకు అంత బాకీ అన్నమాట.

ఆ కాగితం తీసుకెళ్లి చూపిస్తే పెద్దాయన కళ్లజోడు సవరించుకుని రెండుసార్లు చదివాడు. "ఏందిరా అబ్బాయ్ ఇది? లెక్క తేడా వస్తే రామదాసుకైతే రాముడొచ్చి కట్టాడు. నాకెవరు కడతారు?" అన్నాడు. కంచర్ల గోపన్న పుట్టిన ఊళ్లో లెక్క విలువ ఎవరికీ వేరే చెప్పనక్కర్లేదు.

మరమ్మతు పెద్దదేం కాదు. ఫాక్స్‌ప్రో తన ఫైళ్లలో తేదీని ఎనిమిది అంకెల్లో పూర్తిగానే దాచుకుంటుంది. తప్పంతా మనం రెండంకెలు కొట్టినప్పుడు అది 19 తగిలించుకోవడంలో ఉంది. "సెట్ సెంచరీ ఆన్" అని ఒక ఆజ్ఞ పెట్టి, సంవత్సరానికి నాలుగంకెల గడి ఇచ్చి, రిపోర్టుల్లో వరుసలు వెడల్పు చేయాలి. చెప్పడానికి ఒక్క మాటే గానీ, అలాంటి చోట్లన్నీ వెతికి పట్టుకోవడానికి నాకు నాలుగు రాత్రులు పట్టింది. అన్నిటికన్నా ముందు జనం కళ్లకు కనిపించిన చిక్కు కంప్యూటర్లో లేనే లేదు. ప్రామిసరీ నోట్ల మీద, బిల్లు పుస్తకాల మీద తేదీ దగ్గర "199" అని ముందే అచ్చువేసి ఉండేది. వాటిని కొట్టేసి 2000 రాసుకోవడం నెలల తరబడి సాగింది.

ఇక రెండో ఉదాహరణ. ఇది చెప్పడానికి కొంచెం ఇబ్బందిగానే ఉంది. ఖమ్మంలో ఒక మందుల హోల్‌సేల్ దుకాణం. గడువు తేదీల లెక్క ఉంటుంది కాబట్టి యజమాని చాలా కంగారుపడ్డాడు. ప్రోగ్రాం చూస్తే అందులో గడువులు నాలుగంకెల్లోనే ఉన్నాయి, బాగానే ఉంది. కానీ యంత్రం గడియారాన్ని డిసెంబరు 31 రాత్రికి జరిపి చూస్తే, తెల్లారేసరికి తేదీ 1980 జనవరి 4కు పోయింది. పాత యంత్రాల్లో ఇది మామూలే. గడియారం చిప్ రెండంకెలే లెక్కపెడుతుంది, శతాబ్దం మార్చుకోదు. డాస్‌కు 1980కి ముందు కాలం తెలియదు. నేను "యంత్రం మార్చాల్సిందే" అన్నాను. ఆయన అప్పుచేసి కొత్తది కొన్నాడు. పాతది మేమే తెచ్చుకున్నాం.

1999 డిసెంబరు 31 శుక్రవారం. టీవీల్లో ఆ రోజంతా కాందహార్ విమానం వార్తలే. రాత్రి పన్నెండు గంటలకు మా దుకాణంలో కూర్చుని కరెంటు పోతుందేమోనని బల్బు వంక చూశాం. పాల్వంచ థర్మల్ స్టేషన్ ఆగిపోతుందని ఊళ్లో పుకారు. కరెంటు పోలేదు. శనివారం పొద్దున దుకాణాలన్నీ తిరిగాం. ఎరువుల కొట్టులో మొదటి జమకు వడ్డీ సరిగ్గా వచ్చింది. ఫిబ్రవరి 29 కూడా గొడవ లేకుండా దాటింది. వందతో భాగించబడే ఏడు లీపు కాదు గానీ, నాలుగు వందలతో భాగించబడితే అవుతుందన్న సూత్రం మన లెక్కల మాస్టారు చెప్పిందే.

మిగతా చోట్ల మాత్రం ఏమీ జరగకుండా లేదు. ఇంగ్లండులో డిసెంబరు 28నే వేలాది దుకాణాల్లో కార్డు యంత్రాలు పనిచేయలేదు. అవి నాలుగు రోజులు ముందుకు చూసి లెక్కగట్టేవి, ఆ ముందుకు 2000 వచ్చేసింది. జనవరి 1 దాకా దుకాణదారులు కాగితం మీద రాసుకుని నెట్టుకొచ్చారు. అక్కడే షెఫీల్డ్‌లో గర్భిణుల వయసు తప్పుగా లెక్కగట్టి, పుట్టబోయే బిడ్డల గురించి తప్పు పరీక్ష ఫలితాలు ఇచ్చారు. అది మాత్రం నవ్వుకునే సంగతి కాదు.

ఆ జనవరి మొదటి వారంలోనే, మూల పడి ఉన్న మందుల దుకాణం పాత యంత్రాన్ని తగిలించి చూశాను. 1980 జనవరి 4 అని చూపించింది. చేత్తో సరైన తేదీ కొట్టాను. ఆపి మళ్లీ వేశాను. తేదీ నిలబడింది. మర్నాడూ నిలబడింది. అంటే ఆయనకు కావలసింది కొత్త యంత్రం కాదు, సంవత్సరం మొదట్లో ఒక్కసారి తేదీ కొట్టడం. అది నాకు ముందు తెలియకపోవడం సగం నిజం. కొత్త యంత్రం మీద వచ్చే లాభం చూసి, తెలుసుకోవడానికి ప్రయత్నించకపోవడం మిగతా సగం.

రెండు నెలలు ఆగి వెళ్లి చెప్పాను. ఆయన కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "చెప్పకపోతే నాకు తెలిసేది కాదు. చెప్పావు, సరే. ఆ పాతదాన్ని తెచ్చి మా వాడికి నేర్చుకోవడానికి ఇవ్వు" అన్నాడు. ఇచ్చి వచ్చాను. రెండేళ్లు సర్వీసు డబ్బులు తీసుకోలేదు. ఆ యంత్రం ఇంకో మూడేళ్లు పనిచేసింది.

తమ్ముడూ, నీ ప్రశ్నకు జవాబు ఈ రెండు దుకాణాల్లోనే ఉంది. ఎరువుల కొట్టులో ఏమీ కాలేదంటే, ముందే పని జరిగింది కాబట్టి. మందుల దుకాణంలో నేను అమ్మింది మాత్రం భయం. తేడా తెలియాలంటే ఒక్కటి చూస్తే సరిపోయేది: యంత్రం తేదీని చూపిస్తోందా, తేదీతో లెక్క కడుతోందా అని. ఈ మాట ఆ యజమానులకు నింపాదిగా చెప్పేవాళ్లు మన వైపు చాలా తక్కువమంది ఉండిరి. చెప్పగలిగిన నేనూ ఒకచోట చెప్పలేదు.

ఇలాంటిదే ఇంకొకటి ముందుంది. 1970 జనవరి 1 నుంచి సెకన్లు లెక్కపెట్టే 32 బిట్ల వ్యవస్థలు 2038 జనవరి 19న గడి నిండి వెనక్కి తిరుగుతాయి. అప్పటికి నేను రిటైరై ఉంటాను, మీరు పనిలో ఉంటారు. ఎవరైనా చిన్న దుకాణదారు కంగారుగా మీ దగ్గరికొస్తే, బిల్లు రాసే ముందు పరీక్ష పెట్టి చూడండి. ఏది అవసరమో, ఏది అక్కర్లేదో రెండూ చెప్పండి.