నల్లకుంట నుంచి హాజీపూర్ దాకా

మాది యాదగిరిగుట్ట దగ్గర. ఊరెళ్ళినప్పుడల్లా ఎవరో ఒకరు హాజీపూర్ మాట ఎత్తుతారు. 2019 ఏప్రిల్‌లో అక్కడి పాడుబావుల్లో స్కూలు పిల్లల అవశేషాలు బయటపడ్డాయి, గుర్తుంది కదా. మొన్న మా చిన్నాయన "కోర్టులతోటి ఏమైతది బిడ్డా, కాల్చి పారెయ్యాలె" అన్నాడు. ఆయన కోపం అర్థమైంది గానీ, నాకు మాత్రం 1978 గుర్తొచ్చింది.

ఆ ఏడాది మార్చి చివర్లో, హైదరాబాద్‌లో భర్తతో సెకండ్ షో చూసి వస్తున్న ఒక యువతిని పోలీసులు పట్టుకుని నల్లకుంట స్టేషన్‌కి తీసుకెళ్ళి అత్యాచారం చేశారు. రిక్షా తొక్కే భర్తని కొడితే చనిపోయాడు. సిటీ భగ్గుమంది, కర్ఫ్యూ పెట్టారు. జస్టిస్ ముక్తదర్ కమిషన్ ముందు పోలీసుల వాదన ఒకటే: ఆమె నడవడిక మంచిది కాదు! కమిషన్ నమ్మలేదు, పోలీసులదే తప్పంది. కానీ కేసు కర్ణాటకలోని రాయచూరుకి మారింది. 1981లో అందరూ నిర్దోషులుగా బయటికొచ్చారు.

అలా వాదించడానికి చట్టమే దారిచ్చింది. 1872 నాటి ఎవిడెన్స్ యాక్ట్ 155(4) ప్రకారం, బాధితురాలి మాట నమ్మలేమని చెప్పడానికి ఆమె శీలాన్ని ఎత్తిచూపొచ్చు. ఈ బగ్ తీయడానికి 130 ఏళ్ళు పట్టింది, 2002 సవరణలో పోయింది. అంతకుముందే, ఈ కేసూ మహారాష్ట్రలోని మథుర కేసూ రేపిన ఆందోళనల తర్వాత 1983లో చట్టం మారింది. పోలీసు కస్టడీలో జరిగితే, ఆమె "ఒప్పుకోలేదు" అంటే కోర్టు ఆ మాటే నిజమనుకుని మొదలుపెట్టాలి. విచారణ మూసిన తలుపుల వెనక జరగాలి. బాధితురాలి పేరు బయటపెట్టకూడదు. నేనూ అందుకే పేరు రాయలేదు. 2012 పోక్సో చట్టంతో, పిల్లల్ని లాయర్ నేరుగా అడగకూడదు, ప్రశ్నలు జడ్జి ద్వారానే వెళ్ళాలి.

హాజీపూర్ కేసు నడిచింది ఈ మారిన కోర్టులోనే. నల్గొండ ప్రత్యేక కోర్టు 2020 ఫిబ్రవరి 6న, అంటే పది నెలల్లోపే, దోషికి మరణశిక్ష వేసింది. సరిగ్గా రెండు నెలల ముందు, మరో కేసులో, షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిలో పోలీసులు నలుగురు నిందితుల్ని కాల్చేశారు. జనం పూలు చల్లారు. 2022లో సిర్పుర్కర్ కమిషన్, చంపాలనే కాల్చారని తేల్చింది. ఆ నలుగురి మీద విచారణ జరగనే లేదు, ఇక జరగదు కూడా.

చిన్నాయనతో నేనన్నది ఇంతే. తీర్పు కూడా పోలీసుల చేతికే ఇస్తే, రేపు నల్లకుంటలాంటిది మళ్ళీ జరిగినప్పుడు ఆమె ఎవరి దగ్గరికి వెళ్ళాలి?

ఆయనేం మాట్లాడలేదు. మీరేమంటారు?