ఒక చెవి నీది, ఒక చెవి నాది

పిల్లలు మాట వినటం లేదని పెద్దలూ, పెద్దలు అర్థం చేసుకోవటం లేదని పిల్లలూ అనుకోని ఇల్లు ఎక్కడైనా ఉందా అండీ? ఉంటే అడ్రసు చెప్పండి, వెళ్లి చూసొస్తాను. మా ఇంట్లో మాత్రం మొన్న వేసవిలో పదిహేను రోజులు యుద్ధం నడిచింది. ఎనభై రెండేళ్ల మా అత్తగారు ఒక పక్క, పదిహేడేళ్ల మా అమ్మాయి ఇంకో పక్క. మధ్యలో కాఫీలు అందిస్తూ నేను!

కారణం పాటలు.

"ఇరవై నాలుగ్గంటలూ చెవుల్లో ఆ బిరడాలేమిటే? పిలిస్తే పలకవు" అన్నారావిడ.

"నా పాటలు నీకెలాగూ గోలే కదా నానమ్మా!" అంది ఇది.

అంతే, మాటలు బంద్. నెల తిరిగితే పిల్ల హాస్టల్‌కి వెళ్లిపోతుంది. ఇలాగే వెళ్లిపోతే ఆ మాట ఇద్దరి మనసుల్లోనూ గుచ్చుకునే ఉంటుందని నా భయం.

ఒక మధ్యాహ్నం కందిపప్పు బాగుచేస్తూ, "అత్తయ్యా, మీ చిన్నప్పుడు మీ నాన్నగారు మిమ్మల్ని పాటలు విననిచ్చేవారా?" అని అడిగాను.

ఆవిడ చేట పక్కన పెట్టారు. "విననిస్తారా! సినిమాపాటంటే ఆయనకి ఒళ్లుమంట. ఆయన బయటికి వెళ్లగానే సిలోన్ పెట్టుకునేవాళ్లం. వీధిలో చెప్పుల చప్పుడు వినిపిస్తే మళ్లీ విజయవాడ తిప్పేసేదాన్ని."

ఆవిడ ఇంటి గొడవే అప్పట్లో దేశం గొడవ కూడా. 1952లో కేంద్ర సమాచార, ప్రసార శాఖ మంత్రి అయిన బి.వి. కేస్కర్ గారికి శాస్త్రీయ సంగీతమంటే ప్రాణం, సినిమాపాట అంటే చిన్నచూపు. ఆయన హయాంలో ఆకాశవాణిలో సినిమాపాట దాదాపు వినపడకుండా పోయింది. ఆయన వల్ల మేలు జరగలేదని కాదు. 1952లో మొదలైన జాతీయ సంగీత కార్యక్రమం పుణ్యమా అని కచేరీకి వెళ్లలేని ఇల్లాలు కూడా వంటింట్లోంచే మహావిద్వాంసుల్ని విన్నది. కానీ వద్దన్నకొద్దీ కుర్రకారు రేడియో సిలోన్‌కి ఎగబడ్డారు. ఆ ఏడాది చివర్లోనే అక్కడ అమీన్ సయానీ బినాకా గీత్‌మాలా మొదలైంది. చివరికి ప్రభుత్వమే దిగివచ్చి, 1957 అక్టోబరు 3న వివిధ భారతి ప్రారంభించింది. తాతగారు అలిగి, అయిదేళ్లకి రాజీపడ్డట్టు లేదూ!

పోనీ, పెద్దల పాట పిల్లలకి అక్కర్లేదా అంటే అదీ నిజం కాదు. 1980 ఫిబ్రవరిలో 'శంకరాభరణం' వచ్చింది. శాస్త్రీయ సంగీతం, నెరిసిన జుట్టు కథానాయకుడు. ఎవరు చూస్తారన్నారు. కుర్రాళ్లే మళ్లీమళ్లీ చూశారు. సంగీతం పద్ధతిగా నేర్చుకోని ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం ఆ సినిమాలో పాడి జాతీయ పురస్కారం అందుకున్నారు. పెద్దలు 'విను' అని శాసించినందుకు కాదు, రుచి చూపించినందుకు విన్నారు.

సరే, మా ఇంటి సంగతి. గుమ్మం దగ్గర మా అమ్మాయి ఎంతసేపట్నించి నిలబడిందో! "అయితే నువ్వూ దొంగచాటుగా విన్నావన్నమాట!" అంటూ వచ్చి, నానమ్మ పక్కన చతికిలబడి, తన చెవిలో బిరడా ఒకటి తీసి ఆవిడ చెవిలో పెట్టింది.

ఆవిడ రెండు నిమిషాలు విన్నారు. "నాకేం నచ్చలేదు. ఆ పిల్ల ఎందుకే అలా ఏడుస్తోంది?"

ఎందుకు ఏడుస్తోందో చెప్పటానికి మా అమ్మాయికి అరగంట పట్టింది. ఆ అరగంటలో తన కాలేజీ భయం, హాస్టల్ బెంగ కూడా చెప్పేసింది. అవి నాకు చెప్పనివి! తర్వాత సిలోన్లో విన్న పాట ఒకటి ఆవిడ సన్నగా పాడారు. "చాలా స్లోగా ఉంది నానమ్మా" అంది ఇది. ఎవరి పాట వాళ్లదే. మాటలు మాత్రం కలిశాయి.

పిల్ల హాస్టల్‌కి వెళ్లింది. ఆదివారం ఫోను రాగానే మా అత్తగారు ముందు అడిగేది ఒకటే:

"ఏమే, ఆ ఏడుపు పిల్ల కొత్తగా ఏమైనా పాడిందా?"