ఫ్రాంచైజీ గొడవల్లో కంపెనీ లాయర్ ఏం చేస్తారు?

పేరున్న బ్రాండ్ బోర్డు పెట్టుకుని ఐస్‌క్రీం పార్లర్ తెరుద్దామనో, ఏదైనా కంపెనీ డీలర్‌షిప్ తీసుకుందామనో చాలా ఇళ్లల్లో అనుకుంటారు. గల్ఫ్‌లో కూడబెట్టిన డబ్బు ఇందులో పెట్టేవాళ్లూ ఉన్నారు. వ్యవహారం చెడితే ఎదురుగా నిలబడేది కంపెనీ లాయర్. ఆయన ఎలా ఆలోచిస్తారో సంతకానికి ముందే తెలుసుకోవడం మంచిది.

మన దేశంలో ఫ్రాంచైజీలకు ప్రత్యేక చట్టం లేదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం, 1996 ఆర్బిట్రేషన్ చట్టం, 1999 ట్రేడ్‌మార్క్ చట్టం లాంటి వాటితోనే పని నడుస్తుంది. అందుకే కంపెనీ లాయర్ పని గొడవ వచ్చాక కాదు, అగ్రిమెంట్ రాసేటప్పుడే మొదలవుతుంది.

ఇలాంటి లాయర్లు తరచూ చూపించే తీర్పు ఒకటుంది. థమ్సప్, లిమ్కా లాంటి డ్రింకులు నింపే గుజరాత్ బాట్లింగ్ కంపెనీ పెప్సీ వైపు వెళ్లింది. వేరే కంపెనీ సరుకు తయారు చేయకూడదని అగ్రిమెంట్‌లో ఉందంటూ కోకా కోలా కోర్టుకెక్కింది. అగ్రిమెంట్ అమల్లో ఉన్నంతకాలం, నోటీసు గడువుతో సహా, ఆ షరతు చెల్లుతుందని సుప్రీంకోర్టు 1995లో చెప్పింది. అగ్రిమెంట్ ముగిశాక మాత్రం సంగతి వేరు. ఆ తర్వాత కూడా అదే వ్యాపారం చేయొద్దనే షరతు 27వ సెక్షన్ ముందు సాధారణంగా నిలబడదు. అయితే పాత బోర్డు, పాత పేరు మాత్రం వాడకూడదు. వాడితే లాయర్ నేరుగా ట్రేడ్‌మార్క్ కేసు వేసి స్టే అడుగుతారు.

డీలర్‌షిప్ రద్దు దగ్గర చాలామంది దెబ్బతింటారు. అమృత్‌సర్ గ్యాస్ డీలర్ కేసులో, 30 రోజుల నోటీసుతో ఎవరైనా తప్పుకోవచ్చని అగ్రిమెంట్‌లో ఉంది. డీలర్‌షిప్ తిరిగి ఇవ్వాలన్న ఆర్బిట్రేటర్ మాటను సుప్రీంకోర్టు 1991లో కొట్టేసి, ఆ 30 రోజులకు మాత్రమే పరిహారం ఇచ్చింది. షాపు ఇంటీరియర్‌కి లక్షలు పెట్టే ముందు ఆ నోటీసు గడువు ఎన్ని రోజులో చూసుకున్నారా?

ఇక ఖాళీ చెక్కులు. సెక్యూరిటీ కింద సంతకం పెట్టి ఇచ్చేస్తుంటారు, "ఊరికే ఫార్మాలిటీ భాయ్" అంటే నమ్మి. బకాయి ఉందని కంపెనీ అందులో అంకె వేసి బ్యాంకులో వేస్తే, బౌన్స్ అయ్యాక 138 సెక్షన్ కింద నోటీసు వస్తుంది. అది అందిన 15 రోజుల్లో డబ్బు కట్టకపోతే క్రిమినల్ కేసే. ఇష్టపడి ఇచ్చిన ఖాళీ చెక్కయినా బాకీ ఉన్నట్టే కోర్టు మొదట భావిస్తుందని, కాదని చూపించాల్సింది ఇచ్చినవాళ్లేనని 2019లో సుప్రీంకోర్టు తేల్చింది. ఏ చెక్కు ఎందుకిచ్చారో నంబర్లతో రాయించుకుని, కాపీ దగ్గర పెట్టుకోండి.

కంపెనీ వైపు అంతా గట్టిగానే ఉంటుందనుకోవద్దు. మా ఎండీయే ఒంటరిగా ఆర్బిట్రేటర్‌ను పెడతారనే షరతు చెల్లదని 2019లో మరో తీర్పు వచ్చింది. రూ.3 లక్షలు, ఆపైన విలువున్న ఫ్రాంచైజీ, డిస్ట్రిబ్యూషన్ వివాదాలు కమర్షియల్ కోర్టుకు వెళ్తాయి. అత్యవసర స్టే అవసరం లేకపోతే దావాకు ముందు మధ్యవర్తిత్వం తప్పనిసరి. దావా వేసేది కంపెనీ అయినా ఇదే నియమం. పాత స్టాకు వాపసు, డిపాజిట్ లాంటివి అక్కడే తెగొచ్చు.