కోలుకున్నవారి పత్రం

2021 జనవరి 15న శంషాబాదు నుంచి షికాగోకు ఎయిర్ ఇండియావారి నేరు విమానం మొదలైంది. సరిగ్గా పదకొండు దినాలకు, జనవరి 26న, అమెరికా ప్రభుత్వపు కొత్త ఆజ్ఞ అమలులోకి వచ్చింది. ఆ దేశానికి పోయే విమానం ఎక్కాలంటే బయలుదేరడానికి ముందు మూడు దినాలలోపల చేయించుకున్న పరీక్షలో కోవిడ్ లేదని తేలాలి. దారి తెరుచుకున్న నెలలోనే దానికొక గడియ కూడా బిగిసిందన్నమాట. మాదాపురం, కొండాపురం, గచ్చిబౌలి ప్రాంతాలలో సముద్రానికి అవతల పిల్లలో అన్నదమ్ములో లేని ఇల్లు అరుదు. కనుక ఈ ఆజ్ఞను అక్కడివారు పంచాంగం చూసినంత శ్రద్ధగా చదువుకున్నారు.

అందులో ఒక మినహాయింపు ఉండేది. గడచిన మూడు నెలలలో వ్యాధి సోకి తగ్గినవారు, నాటి పాజిటివ్ ఫలితపు కాగితాన్నీ, ప్రయాణానికి అభ్యంతరం లేదని వైద్యుడు సంతకం చేసిన లేఖనూ చూపితే కొత్త పరీక్ష అక్కరలేదు. అందరూ దీనిని రికవరీ లెటర్ అన్నారు. కోలుకున్నవారి పత్రం అని నేనంటాను. ఆ పత్రం కథే ఈ వ్యాసం.

మినహాయింపు దేనికి? ఆర్‌టీ-పీసీఆర్ పరీక్ష వైరసు బ్రతికి ఉన్నదా అని చూడదు. దాని జన్యుపదార్థపు తునకలు ముక్కులోనో గొంతులోనో ఉన్నవా అని మాత్రమే వెదకుతుంది. దొరికిన తునకకు నకళ్ళు మీద నకళ్ళు తీసి, కంటికి ఆననిదాన్ని కొండంత చేసి చూపుతుంది. జ్వరం పోయి, దగ్గు పోయి, మరొకరికి అంటించే శక్తి కూడా పోయిన తర్వాత సైతం ఆ శిథిలాలు వారాల తరబడి, కొందరిలో మూడు నెలలదాకా మిగిలి ఉండవచ్చు. ఆరిన పొయ్యిలో బూడిద వంటివి అవి. మన కేంద్ర ఆరోగ్యశాఖ ఈ సంగతిని ముందే గ్రహించింది. మొదట్లో 24 గంటల తేడాతో రెండుసార్లు నెగటివ్ వస్తేనే రోగిని ఇంటికి పంపేవారు. 2020 మే 8న ఆ నియమం మారింది. స్వల్ప లక్షణాలవారికి పది దినాలు గడచి, చివరి మూడు దినాలు జ్వరం లేకుంటే మళ్ళీ పరీక్షే వద్దన్నారు. కనుక గచ్చిబౌలిలో ఆరోగ్యవంతుడైనవాడు, పరీక్ష కాగితం అడిగే విమానాశ్రయపు గడపలో రోగిగా తేలే విచిత్రం ఏర్పడింది. పాఠశాలలో మేము మంచి అర్థంలో చెప్పిన మాట ఈ పాజిటివ్. దానికి ఇంత భయం అంటుకుంటుందని ఎవరనుకున్నారు? అంటుమామిడిలో ఉన్నదీ, నిప్పంటుకోవడంలో ఉన్నదీ, అంటువ్యాధిలో ఉన్నదీ ఒక్క ధాతువే!

ప్రయాణికుని ఆపడం కొత్త కాదు. నేడు దుబ్రోవ్నిక్ అని పిలిచే రగుసా నగరం 1377లోనే బయటివారికి ముప్ఫై దినాల గడువు పెట్టింది. వెనిస్‌వారి నలభై దినాలనుంచి క్వారంటైన్ అనే పేరు పుట్టింది. తెలుగువారు దాని రుచి చూసింది కూలీ ఓడలలో. 1903లో మద్రాసు రేవునుంచి ఎల్బె అనే ఓడ ఫిజీకి వెళ్ళింది. ఆ తర్వాత 1916 దాకా అటు వెళ్ళిన మద్రాసు ఓడలలో తెలుగు జిల్లాలవారు ఎందరో. వారిని సువా రేవు దగ్గరి నుకులౌ అనే చిన్న దీవిలో దింపి, పరీక్షించి, ఆ మీదట చెరకు తోటలకు పంచేవారు. అంతకు ముందు, 1879లో, కలకత్తానుంచి ఫిజీకి తొలి కూలీలను తీసుకుపోయిన లియోనిడాస్ ఓడలో కలరా, మశూచి రెండూ చెలరేగాయి. లెవూకా దగ్గర వారాల తరబడి వారిని నిలిపివేశారు. తగిలినవారూ తగలనివారూ అని చూడక ఓడనంతటినీ ఒకే గాటన కట్టడం ఆనాటి పద్ధతి.

2020 మార్చిలో సైబరాబాదు దాదాపు అదే పద్ధతిని చవిచూసింది. తెలంగాణలో తొలి కేసు మార్చి 2న వెల్లడైంది. బెంగుళూరులో పనిచేసే యువ ఇంజనీరు దుబాయి వెళ్ళివచ్చి, బస్సులో హైదరాబాదు చేరాడు. గాంధీ ఆసుపత్రిలో కోలుకుని అదే నెలలో ఇంటికి వెళ్ళాడు. మార్చి 4న రహేజా మైండ్‌స్పేస్‌లో ఒక ఉద్యోగినికి సోకిందేమోనన్న అనుమానంతోనే ఇరవయ్యవ నంబరు భవనం ఖాళీ అయింది. ఇటలీ వెళ్ళివచ్చిన ఆమె నమూనాను పుణేలో పరీక్షిస్తే లేదని తేలింది! అప్పటికే వేలమంది ఇళ్ళకు మళ్ళారు. మార్చి 22 నుంచి అంతర్జాతీయ విమానాలే ఆగిపోయాయి.

తిరిగి 2021కి వద్దాం. రెండవ ఉధృతిలో, మే 4 నుంచి, అంతకు ముందు 14 దినాలలో భారతదేశంలో ఉన్న పరదేశీయులను చాలావరకు అమెరికా రానివ్వలేదు. ఆగస్టునుంచి చదువులు మొదలయ్యే విద్యార్థులకు వెసులుబాటు ఇచ్చింది, మిగిలినవారికి నవంబరు 8న టీకా షరతుతో తలుపు తీసింది. పత్రానికి మళ్ళీ విలువ వచ్చింది.

అంతలో బెంగుళూరులో ఒక ఉదంతం జరిగింది. నవంబరు 20న దక్షిణాఫ్రికానుంచి వచ్చిన 66 ఏళ్ళ పురుషునికి పాజిటివ్ వచ్చింది. 23న ఒక ప్రైవేటు ప్రయోగశాలలో మళ్ళీ పరీక్షిస్తే నెగటివ్. 27న ఆయన దుబాయి విమానమెక్కాడు. డిసెంబరు 2న ప్రభుత్వం చెప్పింది: అది ఒమిక్రాన్, దేశంలో గుర్తించిన మొదటి రెండు కేసులలో ఒకటి. ఆ వ్యవహారం పోలీసులదాకా వెళ్ళింది. వేరే చోట ఇంకొక పరీక్ష చేయించుకుని, అనుకూలమైన కాగితంతో వెళ్ళిపోవడం ఎంత తేలికో అందరికీ తెలిసింది. డిసెంబరు 6 నుంచి అమెరికా మూడు దినాల గడువును ఒక్క దినానికి కుదించింది. డిసెంబరు 15న మన టోలీచౌకీలోనూ ఒమిక్రాన్ బయటపడింది.

2022 జనవరిలో ఐటీ కారిడార్ అంతటా దగ్గే. చాలామంది మందుల దుకాణంలో కొన్న కిట్టుతో ఇంట్లోనే చూసుకుని, రెండు గీతలు కనబడితే గది తలుపు వేసుకుని, వారంలో లేచి తిరిగారు. ఊళ్ళో ఉండేవారికి అది చాలు. ప్రయాణమున్నవారికే చిక్కు వచ్చింది. ఇంట్లో గుట్టుగా చూసుకున్న పాజిటివ్‌కు ప్రయోగశాల కాగితం లేదు, కాగితం లేకుంటే కోలుకున్నవారి పత్రం లేదు. ఇక పీసీఆర్ చేయిస్తే బూడిద ఇంకా కనబడుతోంది! వ్యాధిని నమోదు చేయించుకున్నవాడు దర్జాగా వెళ్ళాడు, దాచినవాడు టికెట్టు మార్చుకున్నాడు. అమెరికావారి నియమాలలో నాకు నచ్చిన న్యాయం ఇదొక్కటే.

అయితే నమోదు చేయించినవారికీ మరో పరీక్ష ఉండేది, అది పేరు. లేఖలోని పేరు, పుట్టినతేదీ పాస్‌పోర్టుతో సరిపోవాలి. లేఖ వైద్యుని చిరునామా, ఫోను నంబరు ఉన్న లెటర్‌హెడ్‌పై ఉండాలి, తేదీ, సంతకం ఉండాలి. నానక్‌రామ్‌గూడలో ఉద్యోగం చేసే నా పూర్వవిద్యార్థి ఒకడు అప్పుడు ఫోను చేశాడు. "మాస్టారూ, పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా వెనకుంది. ల్యాబువాళ్ళు ఒక్క అక్షరం చేసి ముందు పెట్టారు. డాక్టరుగారు అసలు రాయనేలేదు. ముగ్గురమూ ఒకరమేనని ఎట్లా చెప్పను?" బహువ్రీహి సమాసానికి విగ్రహవాక్యం అడిగినప్పుడుకూడా వాడి గొంతులో అంత దైన్యం లేదు. ఇంటిపేరు ముందు పెట్టుకోవడం మన సంప్రదాయం, వెనక పెట్టడం వారి ఫారాల సంప్రదాయం. ఈ రెంటి మధ్య తెలుగువాడు ఎన్ని కౌంటర్ల దగ్గర తడబడ్డాడో! ల్యాబుకు వెళ్ళి పాస్‌పోర్టు చూపి కాగితం తిరగరాయించుకొమ్మన్నాను. వైద్యుడు కూడా లేఖ మార్చి ఇచ్చాడట. పది దినాల ఏకాంతం ముగిసిన తర్వాతనే ప్రయాణం పెట్టుకున్నాడు. ముక్కుకు గుడ్డ కట్టుకుని నిద్రపోతున్న పక్క సీటు ముసలమ్మను చూసినప్పుడు ఆ పది దినాలూ ఉండిపోవడం మంచిదయిందనిపించిందని తర్వాత చెప్పాడు.

ఆ ఆజ్ఞ 2022 జూన్ 12న రద్దయింది. మన దేశానికి వచ్చేవారు నింపవలసిన ఎయిర్ సువిధ ఫారం కూడా అదే సంవత్సరం నవంబరు 22న పోయింది. నా శిష్యుడు ఆ లేఖను పారేయలేదట. ఇంటిపేరు పూర్తిగా, వరుస తప్పకుండా పడిన కాగితం తన దగ్గర అదొక్కటేనట.